సవరణ: ప్రెయిరీ చలి, గోధుమ మొదలు, ఆవు బొచ్చు

కెనడా ప్రెయిరీ (విశాలమైన గడ్డి మైదానాల ప్రాంతం) పొలాల మీద పెట్టిన పోస్టులో "మంచు కప్పేస్తే శీతాకాలపు గోధుమ చచ్చిపోతుంది" అనే వాక్యం ఉంది. దాన్ని తీసేసి ఇది చదువుకోండి.

అక్కడి సస్కాచెవాన్, మానిటోబా రాష్ట్రాల్లో గోధుమ ఎక్కువ భాగం మే నెలలో విత్తేదే, చలికాలానికి పొలంలో ఉండదు. ఆగస్టు చివర, సెప్టెంబరులో విత్తే శీతాకాలపు రకానికే ఈ చలి గండం. దాని ప్రాణమంతా నేలలో అంగుళం లోతున ఉండే మొదలులో ఉంటుంది. పైన ఆకులు మాడిపోయినా, మొదలు బతికితే వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. బయట మైనస్ 35 డిగ్రీలున్నా, నాలుగు అంగుళాల మంచు దుప్పటిలా కప్పి ఉంటే మొదలు దాకా అంత చలి చేరదు. అందుకే అక్కడి రైతులు పాత పంట మోళ్లను దున్నేయకుండా వాటి మధ్యే విత్తుతారు. గాలికి కొట్టుకుపోయే మంచు ఆ మోళ్లకు చిక్కి నిలుస్తుంది. అసలు భయం పక్క రాష్ట్రమైన ఆల్బర్టా దక్షిణాన చినూక్ గాలి (కొండల మీంచి దిగే వెచ్చని పొడిగాలి) వీచినప్పుడు. ఉన్న మంచు చూస్తుండగానే కరిగిపోతుంది, వెనకే చలి తిరగబడితే మొక్కకు కప్పు ఉండదు.

అదే పోస్టులోని "మైనస్ 20లో ఆవులు తట్టుకోలేవు" అన్న మాటనూ అలా వదిలేయకూడదు. బొచ్చు దట్టంగా, పొడిగా ఉండి, గాలికి అడ్డు, కడుపునిండా ఎండుగడ్డి ఉంటే తట్టుకుంటాయి. బొచ్చు తడిస్తే మాత్రం సున్నాకు పైన కూడా వణుకుతాయి. ఎక్కువ టెన్షన్ ఫిబ్రవరిలో పుట్టే దూడలతోనే. ఒళ్లు ఆరకముందే చెవుల కొసలు గడ్డకట్టి, తర్వాత రాలిపోతాయి. అందుకే ఆవులు ఏప్రిల్, మే నెలల్లో ఈనేలా చూసుకునే రైతులూ ఉన్నారు.