తెల్లారేసరికి తోడుకుంటుంది

మావాడికి ఐదేళ్లు. నోరు తెరిస్తే ప్రశ్న. మా అమ్మ దగ్గర ప్రతిదానికీ సమాధానం రెడీగా ఉంటుంది, కాకపోతే అది నిజమై ఉండాలన్న పట్టింపు ఆవిడకు లేదు. "నాయనమ్మా, చందమామ మన బండి వెనకాలే ఎందుకొస్తున్నాడు?" అంటే "నువ్వంటే ఇష్టం నాన్నా" అంటుంది. అక్కడితో కేసు క్లోజ్. నేను ఊరుకోలేక, చందమామ దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడనీ, మనం వీధి చివరికి వెళ్లినా అంత దూరంలో ఉన్నవాడు జరిగినట్టు కనిపించడనీ, అందుకే మనతో వస్తున్నట్టు అనిపిస్తుందనీ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అంత దూరం నుంచి మన స్కూటర్ ఆయనకెలా కనిపిస్తోంది?" అన్నాడు.

మొన్న డిసెంబర్‌లో ఒక రాత్రి మా ఆవిడ పాలు తోడుపెడుతోంది. ఎందుకన్నాడు వీడు. పెరుగవ్వడానికి అంది ఆవిడ. అంతటితో పోయేదే. మధ్యలో నేను దూరాను.

"చెంచాడు పెరుగులో కంటికి కనిపించనంత చిన్న బ్యాక్టీరియా ఉంటుంది నాన్నా. అది పాలలో ఉన్న చక్కెర తిని పులుపు చేస్తుంది. ఆ పులుపుకి పాలు గడ్డకడతాయి. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు."

"పాలు వేడిగా ఉంటే?"

"చచ్చిపోతుంది. గోరువెచ్చగా ఉండాలి."

"మరి చలేస్తే?"

"బద్ధకిస్తుంది. సరిగ్గా తోడుకోదు."

"దుప్పటి కప్పితే?"

ఏం బుర్ర! నేను పొంగిపోయి మా ఆవిడ వైపు చూశాను. "ముందు వాణ్ని పడుకోబెట్టండి, పొద్దున్నే పెద్దమ్మా వాళ్లు దిగుతున్నారు" అంది.

పొద్దున వంటింట్లోంచి కేక. ఎనిమిది మందికి సరిపడా కలిపి ఉంచిన ఇడ్లీ పిండి గిన్నెకి మావాడి ఏనుగు బొమ్మల దుప్పటి చుట్టి ఉంది. పిండి పొంగి, దుప్పటిని తడిపి, గట్టు మీదుగా కారుతోంది. రంగు లేత గోధుమ. పక్కన ఖాళీ చాక్లెట్ ఐస్‌క్రీమ్ కప్పు. వాళ్ల మావయ్య కొనిచ్చింది, ముందురోజు నుంచీ ఫ్రిజ్‌లో దాచుకున్నాడు. కళ్లు నులుముకుంటూ వచ్చాడు నిందితుడు. మోచేతి దాకా ఎండిపోయిన పిండి.

"నాన్నా, పెరిగింది! గిన్నెడు ఐస్‌క్రీమ్!"

చెంచాడుకే గిన్నెడైతే కప్పుకి ఎంతవ్వాలి అని లెక్క వేసుకుని, తను ఒక్క చెంచా కూడా తినకుండా మొత్తం కుమ్మరించాడట. ఇడ్లీ పిండి ఎలాగూ పొంగుతుందనీ, దాని బ్యాక్టీరియా వేరనీ, అది గ్యాస్ వదులుతుందనీ వాడికి చెప్పబోయాను.

"మీరింకొక్క బ్యాక్టీరియా పేరెత్తారంటే..." అంది మా ఆవిడ, చేతిలో గరిటె అలాగే ఉంచి.

హోటల్ నుంచి తెద్దామనుకునేలోపే గుమ్మంలో ఆటో ఆగింది. మా అమ్మ పిండి వేలితో నాకి చూసి, "ఏం కాదు, వేసెయ్. అడిగితే రాగి ఇడ్లీ అందాం" అంది. సైన్సుకి తట్టని ఉపాయం!

నిజంగానే అందరూ నమ్మారు. పెద్దమ్మగారు ముచ్చటపడి, "ఈయనకి షుగరు కదా, డాక్టరు రాగులే తినమన్నాడు" అంటూ పెదనాన్నగారి ప్లేట్లో దగ్గరుండి నాలుగు వేయించారు. ఆయన పల్లీ చట్నీలో ముంచి నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మెరిశాయి.

"రాగులు ఇంత తియ్యగా ఉంటాయా?"

"రాగులు కాదు తాతయ్యా, ఐస్‌క్రీమ్" అన్నాడు మావాడు. "చలికి సరిగ్గా తోడుకోలేదు."

పెదనాన్నగారు చేతిలో ముక్క వైపు చూశారు, భార్య వైపు చూశారు. ఆవిడ నోరు తెరిచేలోపే ముక్కని గబుక్కున నోట్లో వేసుకుని, "చిన్నపిల్లల మాటలకేంగానీ, ఇంకో రెండు రాగి ఇడ్లీలు వెయ్యమ్మా" అన్నారు.