తారు మడి

మనవాళ్ళు వ్యాయామం చెయ్యాలంటే మూడు కండిషన్లు ఉంటాయి. ఎక్కడం ఉండకూడదు, ఎండ తగలకూడదు, ఫొటో మాత్రం అదిరిపోవాలి. ఈ మూడూ ఒక్కచోట దొరకడం కష్టమే గానీ, సియాటెల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాతెల్‌లలో స్థిరపడ్డ తెలుగు జాతికి ఆ దేవుడే ఒక దారి చూపించాడు. ఐ-90 ఎక్కి తూర్పుకి ఒక ఐదు గంటలు తోలితే ఐడహో రాష్ట్రంలో ట్రైల్ ఆఫ్ ది కోర్ డలేన్స్ అని వస్తుంది. పాత రైల్వే లైను తీసేసి వేసిన సైకిల్ దారి అది, మల్లన్ అనే ఊరి నుంచి ప్లమ్మర్ అనే ఊరి దాకా 70 మైళ్ళ పైచిలుకు, మన లెక్కలో 117 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అడవులు, నది, వరసగా సరస్సులు, అదృష్టం ఉంటే నీళ్ళలో నిలబడి గడ్డి నమిలే మూస్ అనే పెద్ద జింక కూడా కనిపిస్తుంది, మన గేదె కంటే చాలా ఎత్తు, మర్యాద మాత్రం తక్కువ, దగ్గరికి పోకండి.

ఇక్కడ ఎక్కుడు లేకపోవడానికి కారణం మన మీద జాలి కాదు లెండి. ఇనప చక్రం ఇనప పట్టా మీద జారుతుంది, వంద అడుగులకి రెండడుగులు ఎక్కాలన్నా గూడ్సు బండి ఆయాసపడుతుంది, అందుకని ఆ కాలం ఇంజనీర్లు కొండని వదిలేసి నది పక్కనే లైను వేసుకుంటూ పోయారు. మల్లన్ నుంచి కోర్ డలేన్ సరస్సు దాకా వెయ్యి అడుగుల పైనే దిగుతాం, దిగుతున్నట్టు కూడా తెలీదు, తొక్కుతున్నది మనమే అన్న గర్వం మాత్రం మిగులుతుంది. సైకిల్ తొక్కింది లెక్కపెట్టే స్ట్రావా యాప్‌లో పెట్టాక కింద సూపర్ బ్రో అని కామెంట్లు పడతాయి, వాలు ఎటుందో ఎవడూ అడగడు.

కానీ అడిగే మనిషి ఒకాయన వచ్చాడు. మా ఫ్రెండ్ మామగారు, కాజీపేటలో జీవితమంతా పట్టాల పని చూసి రిటైరైన మనిషి, విజిటర్ వీసా మీద వచ్చారు. అందరం హెల్మెట్లు పెట్టుకుని సెల్ఫీలు తీసుకుంటుంటే ఆయన మాత్రం దారి అంచున గొంతుక్కూర్చుని, చెప్పు కొసతో తారు చివర్న గీకి చూస్తున్నారు. "పట్టాలు పీకి తారు పోసిన్రు సరే, మరి కంకరేం జేసిన్రు బిడ్డా?" అన్నారు. కంకర ఎటూ పోలేదు అంకుల్, చాలావరకు దీని కిందే ఉంది అన్నాను. అదే మొత్తం కథ.

ఈ లోయని సిల్వర్ వ్యాలీ అంటారు. 1880ల నుంచి ఇక్కడ వెండి తవ్వారు, వెండితోపాటు సీసం, జింకు. లైను వేసేటప్పుడు గనుల్లో మిగిలిన చెత్తనే కంకర కింద పోశారు, ఆ పైన వందేళ్ళ పాటు వ్యాగన్లలోంచి ఖనిజం కారుతూనే ఉంది. కెలాగ్ అనే ఊళ్ళో బంకర్ హిల్ స్మెల్టర్ ఉండేది, అంటే ఖనిజాన్ని కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీ, 1973లో దాని పొగని వడగట్టే ఫిల్టర్లు తగలబడిపోతే, ఆపడం ఎందుకు దండగ అని అలాగే నడిపేశారు, ఊళ్ళో పిల్లల రక్తంలో సీసం చేరింది. 1981లో మూతపడింది, 1983లో ఆ ప్రాంతం సూపర్‌ఫండ్ జాబితాకి ఎక్కింది, అంటే కేంద్రమే పూనుకుని కడగాల్సినంత మురికి అన్నమాట. ఇదంతా మొదటి నుంచీ ఎవరి నేలో ఆ కోర్ డలేన్ అనే ఆదివాసీ తెగవాళ్ళు 1991లో కోర్టుకెక్కారు. కోర్ డలేన్ సరస్సులో దక్షిణం వైపు మూడో వంతు వాళ్ళదేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 2001 పట్టింది. వెండి తూకానికి పట్టిన టైముతో పోలిస్తే కొంచెం లేటు, అంతే.

ఇక లైను సంగతి. మొత్తం తవ్వితే తడిసి మోపెడవుతుందని యూనియన్ పసిఫిక్ రైల్వే, ప్రభుత్వాలు, తెగవాళ్ళు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. కొంత తవ్వి తీశారు, మిగతా దాని మీద తారు పోసి మూసేశారు. ఆ మూతే మన ట్రైల్, 2004లో పూర్తిగా తెరిచారు. పర్యావరణ శాస్త్రంలో దీన్ని క్యాప్ అంటారట, మన ఇళ్ళల్లో దీన్నే చుట్టాలు వస్తున్నారని మరక మీద దుప్పటి పరవడం అంటారు.

అక్కడక్కడా బోర్డులు ఉంటాయి, శ్రద్ధగా చదివి తరించాల్సిందే. దారి దిగొద్దు, తినే ముందు చేతులు కడుక్కోండి, చూపించిన చోటే తినండి, నది నీళ్ళు తాగొద్దు, బూట్లకీ బట్టలకీ అంటిన మట్టి దులుపుకోండి. చూశారా, మా అమ్మమ్మ 40 ఏళ్ళు అరిచి చెప్పిన మడి ఇదే, ఆవిడది చాదస్తం అన్నాం, అదే అమెరికా ప్రభుత్వం బోర్డు రాసి పెడితే సైన్స్ అని తలూపుతున్నాం. మా గ్రూపు అయితే పులిహోర తెచ్చుకుంది. సీసం ఉన్న చోట చేత్తో కలుపుకుని తినే జాతి మనదొక్కటే అయ్యుంటుంది, స్పూన్లు తెచ్చారా అంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

బోర్డులు చదవలేనివాళ్ళ సంగతి ఏంటంటే, వసంతంలో టండ్రా హంసలు వలస వచ్చి ఈ చిత్తడి నేలల్లో దిగుతాయి, దుంపల కోసం బురద తవ్వుకు తింటాయి, ఆ బురదలో ఉన్న సీసానికి చచ్చిపోతాయి. పాలనీ నీళ్ళనీ వేరు చేస్తుంది హంస అని మనం గొప్పగా చెప్పుకుంటాం, బురదనీ సీసాన్నీ వేరు చెయ్యడం దానికి ఎవరూ నేర్పలేదు మరి.

మధ్యలో వాలేస్ అనే ఊరు వస్తుంది, తప్పకుండా ఆగండి. ఐ-90 మీద మిగిలిన చివరి ట్రాఫిక్ సిగ్నల్‌ని 1991లో పీకేసి, శవపేటికలో పెట్టి అంత్యక్రియలు చేసిన ఊరు అది. 2004లో అక్కడి మేయరు మా ఊరే విశ్వానికి కేంద్రం అని ప్రకటించాడు, కాదని ఎవరూ నిరూపించలేరు కాబట్టి అవునన్నట్టే అని వాదన. నడిరోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత వేసి మరీ రాశారు. ఆ లోయలో మూత వెయ్యడం అన్ని సమస్యలకీ జవాబు అని నాకు అక్కడే అర్థమైంది.

ఇప్పుడు నా ప్రతిపాదన, సీరియస్‌గానే చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, సోలార్ పలకల కప్పు కింద నీడలో తొక్కొచ్చు. అంటే పైన కప్పడం మనకి వచ్చేసింది, కింద కప్పడమే మిగిలింది. దానికి పటాన్‌చెరు కంటే మంచి చోటు ఎక్కడుంది? ఫ్యాక్టరీల నీళ్ళు తాగి తాగి నక్కవాగు ఎప్పుడో పేరు తెచ్చుకుంది, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళొచ్చింది, అన్ని అర్హతలూ ఉన్నాయి. వాగు ఒడ్డున తారు పోసి, బెంచీలు వేసి, ఒక సెల్ఫీ పాయింట్ కట్టి, తినే ముందు చేతులు కడుక్కోండి అని తెలుగులో బోర్డు పెడితే చాలు. కడుక్కోడానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారో టెండర్లోనే ముందు రాయించుకోండి.