ఆకుపచ్చ ఆకు, ముత్తుకూరు బూడిద

పెట్రోలు ఇంజనూ బ్యాటరీ మోటారూ కలిసిన హైబ్రిడ్ కారు కొన్నవారికి పర్యావరణ పరిరక్షకులన్న బిరుదు ఎవరు ప్రదానం చేశారో గానీ, మా వీధిలోని రొయ్యల చెరువుల ఆసామి గారు దాన్ని స్వీకరించి చాలా కాలమైంది. డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ ఆకు వెలిగితే చాలు, ఆయన ముఖంలో లోకకల్యాణం తాండవిస్తుంది.

"ఇది కరెంటుతో నడిచే బండి" అంటారు. ఏ కరెంటు మహాప్రభో? దీనికి ప్లగ్గే లేదు. బ్యాటరీలో చేరేదంతా పెట్రోలు బంకులో డబ్బిచ్చి కొన్నదే. లాభం లేదనను. ఆగుతూ కదులుతూ వెళ్లే రద్దీలో, బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తి కొంత వెనక్కి వస్తుంది. సాయంత్రం నెల్లూరు ట్రంకు రోడ్డులో ఈ బండి నిజంగానే పొదుపరి.

కానీ ఆసామి గారు తిరిగేది ఒంగోలు దాకా, 16వ నంబరు జాతీయ రహదారి మీద. అక్కడ బ్రేకుకు పనేముంది? ఆయనే కల్పిస్తారు. కోవూరు దాటగానే ఖాళీ రోడ్డు మీద ఒక బ్రేకు. ఎందుకండీ అంటే "ఛార్జింగు" అన్నారు. ముసునూరు టోల్‌గేటు కనబడితే స్టీరింగు మీదే నమస్కారం పెట్టారు. సింగరాయకొండ దగ్గర గేదెల మంద అడ్డొస్తే, "తొందరేం లేదు, నిదానంగా దాటనివ్వండి" అని కాపరిని బతిమాలారు. వెనక లారీ డ్రైవరు మా ఏడు తరాలనూ స్మరిస్తూ దాటిపోయాడు. బ్రేకుతో దక్కినదానికంటే మళ్లీ వేగం అందుకోవడానికి కాలే పెట్రోలే ఎక్కువని చెబితే, టంగుటూరు దాకా నాతో మాట్లాడలేదు.

ఇంతటి హరిత వీరుడు అణు విద్యుత్తు అనగానే వణికిపోతారు. ఆయన చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. ఆగితే తెల్లవారేసరికి రొయ్యలు తేలతాయి. రాత్రి సూర్యుడు పని చేయడు. దేశంలో తయారయ్యే కరెంటులో అణు కేంద్రాల వాటా సుమారు 3 శాతం, సింహభాగం బొగ్గుదే. అణు రియాక్టరు రాత్రింబవళ్లు పొగ లేకుండా నడుస్తుంది. దాని వ్యర్థాలకు వేల ఏళ్లు కాపలా కాయాలి, నిజమే. ఆలస్యం సంగతి చెప్పనే అక్కర్లేదు: కల్పాక్కంలో 2004లో మొదలైన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు 2010కల్లా సిద్ధం కావాలి, దాని గుండెకాయ లాంటి కోర్ నింపడం మొదలైందే 2024లో.

మరి బొగ్గు? కృష్ణపట్నం రేవు పక్కన నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మన దేశపు బొగ్గు వంద కిలోలు కాలిస్తే ముప్ఫై నుంచి నలభై కిలోల బూడిద మిగులుతుంది. చుట్టూ ఉన్న ముత్తుకూరు మండలంలో ఆ బూడిద పడేది ఇళ్ల మీద, తాగే నీళ్ల మీద, పిల్లల ఊపిరితిత్తుల్లో. ఎప్పుడో పేలుతుందేమోనని రియాక్టరుకు భయపడే పెద్దమనుషులకు, రోజూ జరిగే ఈ హాని ప్రమాదంగా కనబడదా? చప్పుడు చేయకుండా చంపితే తప్పు కాదా? ముత్తుకూరు పిల్లల దగ్గుకు ఏ డ్యాష్‌బోర్డు మీదా దీపం వెలగదు గనుక లెక్కలోకి రాదా?

అదే అడిగాను. "అణు కేంద్రమే కావాలంటే శ్రీకాకుళంలో కొవ్వాడ ఉందిగా, అక్కడ పెట్టుకోమనండి" అన్నారాయన. అక్కడివారూ సముద్రాన్ని నమ్ముకున్నవారే కదా అంటే, "అందుకే మరి, వారికి అలవాటవుతుంది" అన్నారు.