ఎక్స్‌పోజర్‌ను ప్రీసెట్‌లో కలపకండి

ఫొటో ఎడిటింగ్ సెట్టింగులను ఒకసారి సేవ్ చేసుకుని, ఒక్క క్లిక్‌తో వేరే ఫొటోలకూ వేసుకునేవే ప్రీసెట్లు. కొన్నవాటి కంటే సొంతంగా చేసుకున్నవే మేలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఫొటో ఎడిటింగ్ యాప్ లైట్‌రూమ్‌లో ప్రీసెట్‌ను సేవ్ చేసేటప్పుడు మాత్రం ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల వెచ్చదనం, చల్లదనం) టిక్కులు తీసేయాలి. అవి ఫొటో ఫొటోకీ మారతాయి. మన ముద్ర కనిపించేది వెలుగునీడలను సరిచేసే టోన్ కర్వ్‌లో, ఒక్కో రంగునూ విడిగా మార్చే కలర్ మిక్సర్‌లో.

మన పెళ్లి ఫొటోలకైతే ఎల్లో, ఆరెంజ్ స్లైడర్ల దగ్గరే అసలు పని. బయట దొరికే చాలా ప్రీసెట్లు ఎల్లోను బాగా తగ్గించేస్తాయి. దాంతో మంగళస్నానాల ఫొటోల్లో పసుపు వెలిసిపోతుంది, తలంబ్రాలు తెల్లబడతాయి. చర్మపు రంగును ఎక్కువగా మార్చే ఆరెంజ్ లూమినెన్స్ (ఆ రంగు వెలుగు) పెంచి చామనఛాయ పెళ్లికూతుర్ని తెల్లగా చూపించడం నాకు అస్సలు నచ్చదు. ఆమె ఆమెలాగే కనిపించాలి. చేసిన ప్రీసెట్‌ను పగటి వెలుగులో, మండపం ఎల్‌ఈడీల కింద, ఫ్లాష్‌తో తీసిన ఫొటోల మీద వేసి చూశాకే ఆల్బమ్ మొత్తానికి వాడండి.