అరె, ఇక్కడే ఉందే!

హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్ అంటే, వస్తువులతో కిక్కిరిసిన బొమ్మలో, జాబితాలో ఇచ్చినవాటిని వెతికి పట్టుకునే కంప్యూటర్ ఆట. అది బాగుందో లేదో తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు. ఎంత వెతికినా కనపడని గొడుగు చివరికి దొరికినప్పుడు నోట్లోంచి ఏ మాట వస్తుంది? "అరె, ఇక్కడే ఉందే!" అని నవ్వొస్తే అది మంచి ఆట. "ఇదా గొడుగు? ఇది ఎవడికి కనపడి చస్తుంది?" అని ఒళ్లు మండితే మాత్రం, బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా, వెనక పియానో ఎంత హాయిగా మోగుతున్నా, ఆ ఆటను మొహమాటం లేకుండా తీసిపారేయొచ్చు. ఈ ఆటల గురించి మాట్లాడేవాళ్లు కథ గురించి చెబుతారు, గ్రాఫిక్స్ గురించి చెబుతారు. వస్తువుల్ని ఎలా దాచారన్నది పెద్దగా పట్టించుకోరు. మనసు తేలికపడేదీ, చికాకు పుట్టేదీ అక్కడే.

పాత ఇంటి వరండా సీన్ ఒకటి అనుకుందాం. ముదురు గోధుమరంగు తలుపు. దాని చట్రాన్ని ఆనుకుని మూసిన గొడుగు నిటారుగా నిలబడి ఉంది, అదే గోధుమరంగులో. పిడి వంపేమో పక్కనున్న కోటు స్టాండు కొక్కేల వరసలో కలిసిపోయింది. గొడుగు మొత్తం కళ్లెదుటే ఉంది, ఒక్క అంగుళం కూడా దేని వెనకా లేదు. అయినా కన్ను దాన్ని తలుపులో భాగంగా జమకట్టేసి దాటిపోతుంది. ఇది నిజాయితీగా దాచడం. మోసపోయింది మన కన్నే కాబట్టి దొరికాక నవ్వొస్తుంది.

దొంగతనంగా దాచడం మూడు రకాలు. ఒకటి, కొలతలు చెడగొట్టడం: నిచ్చెన అగ్గిపుల్లంత, గుర్రం చొక్కా బొత్తామంత. రెండు, వెలిసిపోయేలా చేయడం: సీతాకోకచిలుకను గోడమీద మరకలో ఉందా లేదా అన్నంత పల్చగా పూసేయడం. మూడు, కప్పేయడం: రంపం అంతా బీరువా వెనక, రెండు పళ్లు బయట. ఎందుకిలా చేస్తారంటే సులువు గనక. ఈ సీన్లలో వస్తువులు చాలావరకు విడివిడిగా గీసిన బొమ్మలు, వాటిని తయారైన నేపథ్యం మీద అతికిస్తారు. అతికించినదాన్ని కుదించడానికీ పల్చన చేయడానికీ నిమిషం పట్టదు. వెలుగు ఏ కిటికీలోంచి పడుతోందో చూసుకుని, దానికి తగ్గ నీడ వేసి, పక్క వస్తువు గీతలో దీని గీత కలపాలంటే చిత్రకారుడు ఓపిగ్గా కూర్చోవాలి. ఆ బద్ధకం ఆడేవాళ్లకు ఒకందుకు పనికొస్తుంది. దీపం ఎడమవైపు ఉంటే నీడలన్నీ కుడివైపు పడాలి కదా. నీడే లేకుండా గాల్లో తేలుతున్నట్టున్న వస్తువో, అంచు చుట్టూ సన్నటి తెల్లగీత కనపడే వస్తువో కంటబడితే అది జాబితాలో ఉండి తీరుతుందనుకోవచ్చు.

కన్ను ఎలా వెతుకుతుందో తెలిస్తే ఆట ఇంకా రుచిస్తుంది. ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ జెలాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లో దీనిమీద పేరుపడ్డ సిద్ధాంతం ఒకటి ప్రకటించారు. పచ్చటి ఆకుల మధ్య ఎర్రటి పండు ఉంటే వెతకక్కర్లేదు, అదే ఎగిరొచ్చి కళ్లలో పడుతుంది. అదే ఎర్ర అడ్డగీతలూ పచ్చ నిలువుగీతలూ కలగలిసి ఉన్నచోట ఒకే ఒక్క ఎర్ర నిలువుగీతను పట్టుకోవాలంటే ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ పోవాల్సిందే. రంగు ఒక్కటే కాదు, ఆకారం ఒక్కటే కాదు, రెండూ కలిసి సరిపోవాలి గనక. మంచి సీన్ గీసేవాళ్లు చేసేది ఇదే: ఎర్ర ఆపిల్‌ను ఎర్రటి వస్తువుల మధ్యా, గుండ్రటి వస్తువుల మధ్యా పెడతారు.

ఇంకో సంగతి. మన చూపులో నిజంగా స్పష్టంగా కనపడేది చాలా చిన్న మేర. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే గోరు ఎంత వెడల్పుంటుందో దాదాపు అంతే. మిగతాదంతా మసక. కాబట్టి సీన్ మొత్తాన్ని ఒకేసారి చూస్తూ కూర్చుంటే ఏమీ చూడనట్టే. తెరను నిలువుగా నాలుగైదు పట్టీలుగా అనుకుని ఒక్కో పట్టీలో పైనుంచి కిందికి రావాలి. చదివే అలవాటు వల్ల ఎడమనుంచి కుడికి చూపు జారిపోతుంటుంది. అందుకే ఒకసారి కుడినుంచి ఎడమకు కూడా తిప్పి చూడటం మేలు. జాబితాలో పన్నెండు పేర్లుంటే పన్నెండూ బుర్రలో పెట్టుకోకూడదు, మూడో నాలుగో తీసుకోవాలి. అవి కూడా రూపం మారనివి: కత్తెర, గడియారం, తాళంచెవి. "తాడు", "రుమాలు", "ఈక" లాంటివి ఏ ఆకారంలోనైనా ఉంటాయి, వాటిని చివరికి ఉంచుకోవాలి. కత్తెరను కత్తెరలా వెతక్కూడదు కూడా. రెండు ఉంగరాల్లాంటి పిడుల్ని వెతకాలి, ఎందుకంటే కోసే పలకలు దేన్లోనో కలిసిపోయి ఉంటాయి. అప్పటికీ చిక్కకపోతే వెతకడం ఆపేసి, ఒక మూలనుంచి మొదలుపెట్టి కనపడ్డ ప్రతిదాని పేరూ చెప్పుకుంటూ రావాలి. ఇది కుండ, ఇది పలక, ఇది... ఇదేంటి? ఆ "ఇదేంటి" దగ్గరే మన వస్తువుంటుంది.

జాబితాలో మాటల గురించి మనలాంటి వాళ్లు తప్పక చెప్పుకోవాలి. ఇంగ్లీషు జాబితాలో "బో" అని ఉంటే అది రిబ్బను ముడి కావచ్చు, విల్లు కావచ్చు, వయొలిన్ మీద లాగే కమాను కావచ్చు. "బ్యాట్" అంటే గబ్బిలమో ఆట కర్రో. "నెయిల్" అంటే మేకో గోరో. "క్రేన్" అంటే కొంగో, బరువులెత్తే యంత్రమో. ఇది తప్పు కాదు, ఆటలో సగం మజా ఇదే. తెలుగులో ఎవరైనా ఇలాంటి ఆట చేస్తే "తాళం" అని రాసి తలుపు తాళం పక్కన భజన తాళాలు పెట్టొచ్చు. "గంట" అని రాసి గోడ గడియారంవైపు మన చూపు లాగి, గంటను గుమ్మానికి వేలాడదీయొచ్చు. చికాకు పుట్టించేది వేరే: వేరే భాషలో తయారై ఇంగ్లీషులోకి దిగిన ఆటల్లో జాబితా ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకోటి ఉంటుంది. మగ్గు అని రాసి గ్లాసు పెడితే అది పొడుపుకథ కాదు, పొరపాటు. ఇంగ్లీషు పేర్లు ఇబ్బందిగా ఉన్నవాళ్లూ, చదవడం ఇంకా రాని పిల్లలూ మాటలకు బదులు నీడబొమ్మల జాబితా ఇచ్చే ఆటలు ఎంచుకుంటే సరి.

ఇక టైమర్. ఈ తరహా ఆటలకు ఊపు తెచ్చిన మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్ 2005లో వచ్చింది, తయారుచేసింది బిగ్ ఫిష్ గేమ్స్. అందులో గడియారం మన వెంట పడుతూనే ఉంటుంది. ఇప్పటి ఆటల్లో టైమర్ లేకపోవడమో, సెట్టింగుల్లో తీసేసుకునే వీలుండటమో మామూలైంది. తీసేసుకోండి. గడియారం పెట్టుకుని గడ్డివాములో సూది వెతకడం విశ్రాంతి ఎలా అవుతుంది?

కష్టం స్థాయి అడిగినప్పుడు "క్యాజువల్" (సులువైనది) ఎంచుకోవడంలో నామోషీ ఏమీ లేదు. దానికీ కష్టమైన "ఎక్స్‌పర్ట్"కీ వస్తువులు దాచడంలో సాధారణంగా తేడా ఉండదు. హింట్ (నొక్కితే వస్తువు ఎక్కడుందో చూపే బటన్) మళ్లీ నిండటానికి పట్టే సమయం, వెళ్లాల్సిన చోట మెరుపులు కనపడటం, తప్పు క్లిక్కులకు శిక్ష, తేడాలన్నీ వీటిలోనే. అన్నీ మనమే అమర్చుకునే "కస్టమ్" అని ఉంటే ఇంకా మంచిది: మెరుపులు ఆపేసి, హింట్ త్వరగా నిండేలా పెట్టుకుంటే వెతికే పని మనకు మిగులుతుంది, ఇరుక్కుపోవడం ఉండదు. తప్పు క్లిక్కుల శిక్ష ఎందుకు పెట్టారంటే, తెరంతా టకటకా నొక్కుకుంటూ పోతే ఎలాగూ అన్నీ దొరుకుతాయి. వరసగా కొన్నిసార్లు తప్పు నొక్కితే కర్సర్ కాసేపు పనిచేయదు. అనుమానంగా ఉన్నచోట ఒక్కసారి నొక్కి, ఒక క్షణం ఆగి, తర్వాతది నొక్కితే ఈ బెడద ఉండదు. హింట్ విషయంలో నా లెక్క ఇది: జాబితాలో చివరి రెండు మిగిలేదాకా ముట్టుకోవద్దు, ఆ తర్వాత సంకోచించొద్దు. ఆ చివరి రెండు తరచుగా దొంగదాచుడువే.

2008లో వచ్చిన రిటర్న్ టు రావెన్‌హర్స్ట్ లాంటి వాటితో ఈ ఆటలు సాహసకథల దారి పట్టాయి. తాళంచెవి దొరికితే సంచిలో వేసుకుని, అయిదు గదులు వెనక్కి నడిచి, అది పట్టే పెట్టె వెతుక్కోవాలి. మ్యాప్ మీద నొక్కగానే ఆ గదికి చేరుకునే వీలుంటే పర్వాలేదు, లేకపోతే వెతకడం తక్కువ, తిరగడం ఎక్కువ. డార్క్ పారబుల్స్ వరసలో వచ్చే ముక్కల పద్ధతి మాత్రం నాకు నచ్చుతుంది: ఒక వస్తువు విరిగిన ముక్కలన్నీ ఏరితే అది మన కళ్లముందే అతుక్కుంటుంది, పేర్లతో పనే లేదు. ఇవేవీ వద్దు, వెతకడం ఒక్కటే కావాలనుకుంటే 2017 నాటి హిడెన్ ఫోక్స్ చూడండి. నలుపు తెలుపుల్లో చేత్తో గీసిన బొమ్మలు, టైమర్ లేదు, శబ్దాలన్నీ నోటితో చేసినవే. ప్రతి వస్తువుకూ చిన్న వాక్యం ఆనవాలుగా ఇస్తుంది. పొదలు కదిలించి, గుడారాలు తెరిచి చూసుకోవాలి. రంగు సాయం లేదు కాబట్టి కన్ను గీతనే నమ్ముకోవాలి.

ఫోన్లలో ఉచితంగా వచ్చే వాటిది వేరే లోకం. ఒక్కో సీన్ ఆడటానికి కొంత "ఎనర్జీ" ఖర్చవుతుంది, అయిపోతే నిండేదాకా ఆగాలి లేదా డబ్బు కట్టాలి. పైగా ఒకే సీన్‌ను మళ్లీ మళ్లీ ఆడిస్తారు, ఎంత వేగంగా నొక్కితే అన్ని మార్కులు. మూడోసారికి వెతకడం పోయి కంఠస్థం మిగులుతుంది. ఒకసారి డబ్బిచ్చి కొనుక్కునేవే నయం. కొనేముందు బిగ్ ఫిష్ లాంటి ఆటలమ్మే సైట్లో గంటసేపు ఉచితంగా ఆడి చూడొచ్చు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ గంటలో కథ చూడకండి, మూడు సీన్లు ఆడి మొదట్లో చెప్పిన పరీక్ష పెట్టండి. కలెక్టర్స్ ఎడిషన్ అనే ప్రత్యేక ప్యాకేజీలో అదనంగా వచ్చేది సాధారణంగా ఒక చిన్న అధ్యాయం, గైడు, వాల్‌పేపర్లు. మామూలు ఎడిషన్‌తో ప్రధాన కథ పూర్తవుతుంది.

ఆట మంచిదైనా తెర చెడగొట్టొచ్చు. పాత ఆటలు నలుచదరానికి దగ్గరగా ఉండే 4:3 తెరలకు గీసినవి. వెడల్పాటి తెరమీద సాగదీస్తే బంతి కోడిగుడ్డవుతుంది, "బంతి" వెతికేవాడికి అది దొరకదు. సెట్టింగుల్లో వైడ్‌స్క్రీన్ తీసేస్తే పక్కన నల్లపట్టీలొచ్చినా ఆకారాలు సరిగ్గా ఉంటాయి. విండోస్‌లో వస్తువు మీద నొక్కినా తగలకుండా, కాస్త పక్కన నొక్కితే తగులుతుంటే తప్పు తరచుగా డిస్‌ప్లే స్కేలింగ్‌ది, అంటే తెరమీదివన్నీ పెద్దవిచేసి చూపే ఏర్పాటుది. ఆట ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, అందులో హై డీపీఐ సెట్టింగులు తెరిచి, స్కేలింగ్‌ను అప్లికేషన్‌కే వదిలేయమని టిక్ పెట్టాలి. కర్సర్ ఈడుస్తూ కదులుతుంటే ఆట సెట్టింగుల్లో "కస్టమ్ కర్సర్" (ఆట తనదిగా పెట్టుకున్న కర్సర్ బొమ్మ) తీసేయాలి. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా అనే సిస్టమ్ వెర్షన్ నుంచి పాత రకం 32 బిట్ ప్రోగ్రాములు నడవవు, పాత ఆట కొనేముందు అది చూసుకోవాలి. సాయంత్రం కాగానే తెరను పసుపు చేసే నైట్ లైట్‌ను ఆడేటప్పుడు ఆపేయండి, అది ఉంటే తెలుపూ మీగడరంగూ ఒకటైపోతాయి.

మధ్యలో లేచి వెళ్లాల్సొస్తే ఇంకొకటి. కొన్ని ఆటలు సీన్ పూర్తయితేనే సేవ్ చేస్తాయి. పద్దెనిమిదింట పదిహేడు దొరికాక ఆపేసి వెళ్తే, తిరిగొచ్చేసరికి పద్దెనిమిదీ మళ్లీ దాక్కుని ఉంటాయి.