నల్ల రోడ్డు మీద నల్ల బరకం

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలయ్యాయంటే మన గోదావరి డెల్టాలో సగం రోడ్డు కళ్లం అయిపోద్ది. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లండి, లేదా తణుకు నుంచి పాలకొల్లు వైపు రండి, రోడ్డుకి ఒక పక్కన వడ్లే. పగలైతే కనపడతాయి కాబట్టి తప్పుకుని పోతాం. పొద్దు వాలాక రైతు వాటిని రాశి చేసి, మంచు పడకుండా బరకం (టార్పాలిన్) కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టి ఇంటికెళ్తాడు. బరకం నలుపు, రోడ్డూ నలుపే. డ్యూటీ దిగి బండి మీద ఇంటికొస్తున్న కుర్రాడికి ఆ రాశి కనపడేసరికి ముందు చక్రం దాని మీదకి వచ్చేసి ఉంటుంది. ఇంకో సంగతి, వడ్లు ఎత్తేసినా ఆ రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి, వాటిని తీసి పక్కన పడేసే నాథుడు ఉండడు.

రైతుని తిట్టడానికి ఇది రాయట్లేదు. మిషన్ కోత వచ్చాక వడ్లు పచ్చిగానే వస్తున్నాయి, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు, ఊళ్లో కళ్లాలేమో ఇళ్ల స్థలాలైపోయాయి, ఇక తారు రోడ్డు తప్ప అతనికి దిక్కేది. మేం అడిగేది ఒక్కటే, రాత్రిపూట రోడ్డు మీద ఏది ఉన్నా అది కనపడాలి. రాయి బదులు ఇసక నింపిన తెల్ల యూరియా సంచి పెడితే బరకం లేవదు, లైటు పడగానే తెల్లగా కనపడుద్ది, పొరపాటున తగిలినా రాయంత దెబ్బ తగలదు. రాశికి రెండు కొసల్లో రేడియం స్టిక్కర్ అంటించిన కర్ర పాతితే ఇంకా మంచిది. గోనె సంచులు ఇచ్చే చోటే నాలుగు రేడియం ముక్కలు కూడా ఇవ్వమని అధికారులని అడుగుతున్నాం, పెద్ద ఖర్చేం కాదు.

గడ్డి ట్రాక్టర్ సంగతి అంతకన్నా ఘోరం. తొట్టికి వెనక లైటు ఉండదు, ఉన్నా వేలాడే గడ్డి దాన్ని మూసేస్తుంది. పొగమంచులో నిదానంగా పోయే ఆ తొట్టి వెనక నుంచి గోడలా ఉంటుంది.

ఇప్పుడు బండి నడిపేవాళ్లతో. 60 స్పీడులో బండి సెకనుకి 16, 17 మీటర్లు పోతుంది. మనం చూసి, బ్రేకు వేసి, బండి ఆగేసరికి 40 మీటర్లు దాటిపోద్ది, మామూలు బండి డిమ్ లైటేమో 30, 40 మీటర్లకి మించి సరిగ్గా చూపించదు. అదే 40లో పోతే పాతిక మీటర్ల లోపే ఆగొచ్చు, అదీ రోడ్డు పొడిగా ఉంటే. వడ్లగింజల మీద గట్టిగా బ్రేకు వేస్తే టైరు జారిపోద్ది, చేపల లోడు లారీ నీళ్లు కారిన చోటా అంతే. ఎదురొచ్చేవాడు డిప్పర్ కొట్టకపోతే ఆ లైటుకేసి చూడకుండా ఎడమ అంచు చూసుకుంటూ స్పీడు తగ్గించుకోండి, మనం కూడా లైటు దించుదాం.

కాలువ గట్టు రోడ్లు తెలిసినవాడికి కూడా రాత్రి మోసం చేస్తాయి. గుర్రపుడెక్క నిండిన కాలువ హెడ్‌లైటులో పచ్చగా, చదునుగా, అచ్చం చేను లాగే కనపడుద్ది. మలుపులో నేరుగా అందులోకి పోయినవాళ్లున్నారు. ఇలాంటి వార్తలు జిల్లా పేజీలో వేసీ వేసీ మాకు మనసు విరిగిపోయింది. ఆ రోడ్డు ఏ శాఖదైతే ఆ శాఖ లాకుల దగ్గరా మలుపుల్లోనూ రాతి స్తంభాలు పాతి, తెల్ల సున్నం కొట్టి, రేడియం అంటించాలి, దాళ్వా (రబీ వరి) కోతల లోపే.

హెల్మెట్ గురించి చెప్తే విసుక్కుంటారు, అయినా చెప్తాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో వెనక కూర్చున్నవాళ్లే 14,337. ఎక్కువ ప్రమాదాలు జరిగింది సాయంత్రం 6 నుంచి 9 మధ్య. ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్ తలని కాపాడదు. కోతల టైములో లైటుకొచ్చే పురుగు కంట్లో పడితే ఆ రెండు సెకన్లు కళ్లు మూసుకుని నడిపినట్టే, అద్దం దించుకోండి, గీతలు పడ్డ అద్దమైతే మార్చేయండి, ఎదుటి లైటు దాంట్లో చెదిరిపోద్ది.

ఎవరన్నా పడి ఉంటే కేసవుద్దేమోనని వెళ్లిపోకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఏ సెక్షన్ పెట్టారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు, దాని కింద చేసిన నిబంధనల ప్రకారం పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. 108కి ఫోన్ చెయ్యండి, కానీ ముందు మీ బండి ఇండికేటర్ వేసి రోడ్డు దిగువన ఆపుకోండి, వెనకొచ్చేవాడికి మీరూ కనపడాలి కదా.