రాత్రి కూడా చల్లబడని గొడ్ల సావిడి

మే నెలలో ఒక రాత్రి, పదకొండు గంటలకు, దుగ్గిరాల దగ్గర మా ఊళ్లో టార్చిలైటు పట్టుకుని గొడ్ల సావిట్లోకి వెళ్లాను. కరెంటు ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది. ఆరు గేదెల్లో నాలుగు పడుకోకుండా నిలబడే ఉన్నాయి. ఒకటి నోరు తెరిచి రొప్పుతోంది, చొంగ కారి కాళ్ల ముందు నేల తడిసింది. దాని డొక్కలు ఎన్నిసార్లు ఎగురుతున్నాయో వాచీ చూసి లెక్కపెట్టాను. నిమిషానికి 70 దాటింది. మామూలు రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం రొప్పితే ఎండ అనుకుంటాం. పొద్దుగూకి నాలుగు గంటలు దాటాక కూడా రొప్పుతోందంటే ఎండను తిట్టి లాభం లేదు, సావిడిని చూడాలి.

వేసవి అనగానే మన మాటలన్నీ పగటి చుట్టూనే తిరుగుతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, రెంటచింతలలో ఎన్ని డిగ్రీలు కొట్టిందో టీవీలో చూస్తాం, బెజవాడను బ్లేజ్‌వాడ అని నవ్వుకుంటాం. పాడి పశువు పగలంతా ఒంట్లో కూడబెట్టుకున్న వేడిని రాత్రి వదిలించుకోవాలి. ఆ కాస్త అవకాశం దొరికితే మర్నాటి ఎండను అది తట్టుకుంటుంది. దొరక్కపోతే పాత బాకీ మీద కొత్త బాకీ చేరినట్టే. కృష్ణా డెల్టాలో గత కొన్నేళ్లుగా మనం కడుతున్న షెడ్లు సరిగ్గా ఆ రాత్రి అవకాశాన్నే మూసేస్తున్నాయని నా అభిప్రాయం.

పశువు ఒంట్లోనే ఒక పొయ్యి ఉంది. తిన్న గడ్డి మొదటి పొట్టలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది, పాలు తయారయ్యేటప్పుడు ఇంకా పుడుతుంది. రోజుకు 18 లీటర్లు దాటి పాలిచ్చే ఆవు ఒంట్లో, వట్టిపోయిన ఆవుతో పోలిస్తే దాదాపు పావు వంతు ఎక్కువ వేడి తయారవుతుంది. 30 లీటర్లు దాటితే సుమారు సగం ఎక్కువ. అంటే మంచి పాడి అని మురిసిపోయే పశువే ముందు ఉడికిపోతుంది. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుకు 25 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. విజయవాడలో మే నెల తెల్లవారుజామున కూడా మామూలుగా అంత చల్లగా ఉండదు. గేదెది ఇంకో కథ. నల్లటి తోలు ఎండను పీల్చుకుంటుంది, వెంట్రుకలు తక్కువ, చెమట గ్రంథులేమో ఆవుకు ఉన్నవాటిలో ఇంచుమించు ఆరో వంతు. చెమట పట్టని ప్రాణి కాబట్టే అది నీళ్లు వెతుక్కుంటుంది. గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఒంగోలు పశువుల్ని చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. తెల్లటి వెంట్రుక, కింద నల్లటి చర్మం, వేలాడే గంగడోలు, అన్నీ ఎండ కోసం పుట్టినట్టుంటాయి. కానీ దాని పాలతో ఇల్లు గడవదని రైతు జెర్సీ సంకర ఆవునో గ్రేడెడ్ ముర్రా గేదెనో కట్టేసుకున్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ పశువుకు కావలసిన చోటు గురించే ఆలోచించలేదు.

వేడి, తేమ కలిసి ఎంత ఇబ్బంది పెడతాయో కొలిచే లెక్క ఒకటుంది. 1959లో అమెరికా వాతావరణ శాఖ మనుషుల కోసం తయారుచేస్తే, 1964 నాటికి మిస్సోరిలో పరిశోధకులు దాన్ని పాడి ఆవులకు వర్తింపజేశారు. ఉష్ణోగ్రత–తేమ సూచిక అంటారు. అది 72 దాటితే పాలు తగ్గడం మొదలవుతుందని చాలాకాలం చెప్పారు, ఎక్కువ పాలిచ్చే ఆవులకు 68 దగ్గరే మొదలవుతుందని తర్వాత అరిజోనా పరిశోధకులు తేల్చారు. మన ఊరికి వేసి చూద్దాం. మధ్యాహ్నం 42 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉంటే సూచిక 87 వస్తుంది. రాత్రి 30 డిగ్రీలకు దిగి, సముద్రపు గాలి మళ్లి తేమ 75 శాతానికి పెరిగితే 82. థర్మామీటరులో 12 డిగ్రీలు తగ్గినట్టు కనిపిస్తుంది, పశువుకు తగ్గింది ఐదు పాయింట్లే. మనం డాబా మీద మంచం వేసుకుని హమ్మయ్య అనుకునే వేళ కూడా దానికి 72 కంటే పది పైనే.

ఇక్కడే ఫాగర్ల సంగతి చెప్పాలి. నాలుగేళ్ల క్రితం మా బంధువు ఒకాయన 12 ఆవుల షెడ్డుకు పొగమంచులాగా నీళ్లు చిమ్మే పరికరం పెట్టించాడు. అమ్మినవాళ్లు బొమ్మల పుస్తకం చూపించి, షెడ్డంతా ఏసీలా ఉంటుందన్నారు. పగలు బాగానే ఉండేది. రాత్రి కూడా నడిపేసరికి షెడ్డు ఉక్కపోతతో నిండిపోయింది, ఆవులు అంతకు ముందుకంటే ఎక్కువ రొప్పాయి. కారణం మాయ కాదు. నీరు ఆవిరైనప్పుడే చల్లదనం, ఒక లీటరు ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. కానీ గాలి ఎంత చల్లబడగలదో దానికి ఒక అడుగు, అంటే అంతకంటే కిందికి దిగలేని హద్దు, ఉంటుంది. నేను పైన చెప్పిన మధ్యాహ్నానికి ఆ అడుగు దాదాపు 26 డిగ్రీలు, అంటే 16 డిగ్రీల జాగా ఉంది. చెప్పిన రాత్రికీ ఆ అడుగు 26 దగ్గరే, జాగా మాత్రం నాలుగు డిగ్రీలు కూడా లేదు. అదే యంత్రం, అదే షెడ్డు, పగలు మందు, రాత్రి విషం. ఎడారి గాలికి పనికొచ్చింది మన ఉక్కకు పనికిరాదు.

మరి తేమ ఉన్న చోట ఏం చేయాలి? గాలిని చల్లబరచడం మాని తోలును తడపాలి. నీళ్లు మంచులా కాదు, చినుకుల్లా పడాలి, వెంట్రుకల్లోంచి చర్మం దాకా దిగాలి, ఆ వెంటనే ఫ్యాను గాలి పక్కనుంచి ఈడ్చి కొట్టాలి. ఇజ్రాయెల్‌లో 1980ల్లో ఇదే పద్ధతిని పరీక్షించారు. అర నిమిషం తడపడం, నాలుగున్నర నిమిషాలు గాలి, ఇలా అరగంట పాటు, రోజులో కొన్ని విడతలు. ఒంటి వేడికే నీరు ఆవిరవుతుంది కాబట్టి గాలి తేమగా ఉన్నా ఇది పని చేస్తుంది, గాలి వేగం ఉండాలంతే. నెత్తి మీద నెమ్మదిగా తిరిగే సీలింగ్ ఫ్యాను కప్పు కింది వేడిగాలినే కిందకు తోస్తుంది. మొదటి నుంచీ నా అనుమానం దాని మీదే. గోడకు బిగించి ఒక వైపు నుంచి వీచే ఫ్యాను పెట్టి, పాలు పిండే ముందు పైపుతో ఒళ్లంతా తడిపితే డబ్బులూ కలిసొస్తాయి. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్టు, అంతే.

అసలు నేరస్థుడు కప్పు. మా తాతల నాటి సావిడి తాటాకులతో, పైన వరిగడ్డితో ఉండేది. ఎండ ఆ మందంలోనే ఆగిపోయేది. ఇప్పుడు సిమెంటు రేకులో, ఇనుప రేకులో. నిలబడి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో వేస్తాం, పగలు చెయ్యి పెడితే కాలుతుంది. గేదె వీపు మీద ఆ రేకు పొయ్యిలా వేడి కుమ్మరిస్తుంది. దానికి మూడు వైపులా ఇటుక గోడ. కాంక్రీటు నేల, ఇటుక గోడ పగలు తాగిన వేడిని రాత్రంతా తిరిగి కక్కుతాయి. రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. అయితే తాటాకు వెనక్కి తెమ్మని అనను. వేసవిలో ఒక నిప్పురవ్వకు వీధి మొత్తం కాలిపోయిన ఊళ్లు డెల్టాలో ఉన్నాయి, తాటాకు నేసేవాళ్లూ ఇప్పుడు దొరకరు. రేకే వేయండి, కానీ ఎత్తుగా వేసి, నడికప్పు దగ్గర వేడిగాలి పోవడానికి సందు వదలండి. పొడుగు తూర్పు పడమరలకు పెడితే ఎండ లోపలికి దూరదు. పైన తెల్ల సున్నం కొట్టండి. మా మేనత్త రేకుల మీదికి ఆనపపాదు పాకించింది. కాయలు కూరకు, ఆకులు గేదెలకు నీడకు.

మనకు కనిపించకుండా పోయినది ఇంకోటి ఉంది, చెరువు. గేదెను మధ్యాహ్నం చెరువులోకి తోలితే రెండు మూడు గంటలు మెడదాకా మునిగి ఉండేది. బయటికి వచ్చాక ఒంటికి అంటిన బురద నెమ్మదిగా ఆరుతూ మరికాసేపు చల్లగా ఉంచేది, ఈగల్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. ఇప్పుడు ఒక చెరువుకు మంచినీళ్ల కోసం కంచె, ఇంకోటి చేపలకు వేలం, తోలుకెళ్లే కుర్రాడు హైదరాబాదులో. గేదె 24 గంటలూ గుంజకే. మనం దాని నుంచి తీసుకున్నది నీటి గంటలు, ఇచ్చింది సీలింగ్ ఫ్యాను. చెరువులేని ఊళ్లో పైపు నీళ్లే గతి. ఆ నీళ్లూ ఎండలో నల్ల పైపు గుండా వస్తే మొదటి బిందె కాలిపోతుంటుంది. తాగే తొట్టి నీడలో ఉందా లేదా అన్నది ఇప్పటికీ చాలామంది చూడరు. వేడి నీళ్లు చూస్తే పశువు మూతి తిప్పుకుంటుంది, నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే పాలు తగ్గుతాయి. గడ్డి సరిగ్గా తినకపోతే వెన్న శాతమూ పడిపోతుంది. పాల కేంద్రంలో డబ్బులిచ్చేది వెన్న చూసే కాబట్టి రైతు రెండుసార్లు నష్టపోతాడు, లీటర్లలో ఒకసారి, రేటులో ఒకసారి. వేసవిలో గేదె ఎదకు వచ్చినా అరవదు, గొడవ చేయదు, వచ్చినట్టే తెలియదు. ఒకసారి దాటిపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వట్టిపోయిన పశువుల పరిస్థితి. మన దగ్గర గేదెలు ఎక్కువగా వానాకాలం, చలికాలాల్లో ఈనుతాయి. కాబట్టి మే నెలలో చాలావరకు చూడితో, పాలు లేకుండా ఉంటాయి. పాలివ్వట్లేదు కదా అని ఫ్యాను కింద చోటు పాలిచ్చేవాటికిచ్చి వీటిని చివర, పడమటి ఎండ తగిలే వైపు కడతాం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు హోల్‌స్టీన్ ఆవుల మీద చేసిన పరిశోధనలు దీనికి చెంపపెట్టులా ఉంటాయి. ఈనడానికి ముందు వట్టిరోజుల్లో చల్లగా ఉంచిన ఆవులు ఈనాక రోజుకు కొన్ని లీటర్లు ఎక్కువ ఇచ్చాయి. కడుపులో ఉండగా వేడికి గురైన పెయ్యలు పెరిగి ఈనాక కూడా తక్కువే పాలిచ్చాయి. గేదెలకూ అచ్చం అంతే అని నేను అనను, కానీ దసరాకు పాలు ఎందుకు తగ్గాయని మేత వ్యాపారినీ డాక్టరునూ తిట్టే ముందు మే నెలలో దాన్ని ఎక్కడ కట్టామో గుర్తు చేసుకోవాలి.

ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో గోకులం పేరిట పశువుల షెడ్లు కట్టించింది. మంచి పనే, గుంజకు బురదలో నిలబడే పశువుకు నేల దొరికింది. పునాది కొలిచే ఇంజనీరు కప్పు ఎత్తు కూడా కొలవాలి, దిక్సూచి పెట్టి దిక్కు చూడాలి, గాలి దారిలో గోడ కట్టొద్దనాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, లాంలో పశు పరిశోధన కేంద్రం ఉంది. షెడ్డు నమూనాకు సంతకం పెట్టే ముందు వాళ్లని ఒక మాట అడగడానికి ఎంత దూరం?

మా పెదనాన్నకు ఈ లెక్కలేవీ చెప్పలేదు. ఆ మర్నాడు రాత్రి ఆయనే ఆరు గేదెల్నీ విప్పి సావిడి బయట, దడి దగ్గర, ఆకాశం కింద కట్టేశాడు. గంటలో ఐదు పడుకుని నెమరు వేస్తున్నాయి. “మరి దొంగలొస్తే?” అన్నాను. “ఫ్యాను కింద కట్టేస్తే మాత్రం రారా ఏంట్రా?” అని నులక మంచం గేదెల పక్కకు లాక్కున్నాడు. దోమలకు వేపాకు పొగ వేశాడు. పొద్దున ఐదింటికి పాలు పిండేదాకా ఆయన నిద్రపోలేదు.